పాలు మావి, డికాషన్ వాళ్లది

పొద్దున్నుంచి ఈ మూడు గదుల ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. సంతోష్‌నగర్‌లో రెండో అంతస్తు ఇల్లు మాది, తిరగడానికి పెద్దగా జాగా కూడా లేదు. బాల్కనీ దాకా పోతాను, ఆరేసిన బట్టలు పట్టి చూస్తాను, ఆరలేదని తెలిసే చూస్తాను, మళ్లీ వంటింట్లోకి వస్తాను. కోడలి గది తలుపు దగ్గరికి వేసి ఉంది. గడియ పెట్టుకుని ఉంటే కోపమొచ్చిందిలే అనుకునేదాన్ని. గడియ పెట్టలేదు, అదే నన్ను కూర్చోనివ్వడం లేదు.

జరిగింది చెప్తాను. కొడుకూ కోడలూ వేరే అద్దె ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చి పది రోజులైంది. ఇవాళ ఆఫీసు సెలవని ఆ పిల్ల వంటింటి అరలన్నీ దించి తుడవడం మొదలుపెట్టింది. పై అరలో నా పాత పింగాణీ చాయ్‌దాని కనబడింది. తెల్లటి ఒళ్లు, నీలం పూలు, మూత ఊడిపోకుండా పిడికి కట్టిన దారం. మూత తీసి లోపల చూసి, "అబ్బ, ఎంత గార పట్టిందో చూడండి అత్తమ్మా" అంది. సోడా పొడి కలిపిన వేడి నీళ్ల గిన్నె పక్కనే ఉంది, చేతిలో బ్రష్షు ఉంది. నేను ఒక్క అంగలో పోయి చాయ్‌దాని ఆమె చేతిలోంచి గుంజుకున్నాను. "వద్దు, ముట్టకు" అన్నాను.

ఆ పిల్ల చేతులు తుడుచుకుని, "సరే అత్తమ్మా, మీ సామాను నేను ముట్టను" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు. ఆమె పుట్టింటి వాళ్లు చర్చికి పోతారు. కొడుకు ఇష్టపడి చేసుకున్నాడు, నేను అడ్డు చెప్పలేదు, చెప్పలేదని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. పోయిన నెల మా ఆడబిడ్డ ఇంట్లో పేరంటానికి తీసుకుపోతే అందరికీ కప్పుల్లో చాయ్ ఇచ్చి ఈ పిల్లకు మాత్రం కాగితం గ్లాసులో ఇచ్చారు. ఆమె చూసింది. నేనూ చూశాను. నేను చూశానని ఆమె చూసింది. అప్పుడు నేను నోరు మెదపలేదు, నా చాయ్ నేను తాగాను. ఇప్పుడు నా చేత్తోనే చాయ్‌దాని గుంజుకున్నాను. ఆమె ఇంకోలా ఎట్లా అనుకుంటుంది?

లోపలికి పోయి చెప్పాలి. చాయ్‌దాని లోపల ఉన్నది మురికి కాదు బిడ్డా అని చెప్పాలి. కానీ ఎక్కడ మొదలుపెట్టాలి? అది మొదలుపెడితే నేను పుట్టి పెరిగిన శాలిబండ గల్లీ దాకా పోవాలి. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ గోడ లేదు, గోడలో ఉన్న కిటికీ లేదు.

ఆ కిటికీ మూరెడు వెడల్పు ఉండేది. పెద్ద ఇంటిని ఎప్పుడో రెండు వాటాలు చేసి మధ్యలో గోడ కట్టినప్పుడు గాలి కోసం వదిలిన కంత అది. మా వైపు తలుపులు లేవు, అవతలి వైపు రెండు చెక్క రెక్కలు ఉండేవి. మా వాకిలి ఒక గల్లీలోకి, వాళ్ల వాకిలి వెనక గల్లీలోకి. మా వైపు వెండి రేకు కొట్టే దుకాణం ఉండేది, పొద్దున్నుంచి మాపటిదాకా తోలు మీద సుత్తి పడే చప్పుడు ఆగేది కాదు. వాళ్ల వైపు రొట్టెల భట్టీ. సాయంత్రం నాలుగైతే కిటికీలోంచి ముందు భట్టీ వాసన వచ్చేది, దాని వెనకాల యాలకుల వాసన, దాని వెనకాల ఖాలా గొంతు వచ్చేది.

"అక్కా, చాయ్."

ఖాలా అంటే అవతలి వాటాలో ఒక్కతే ఉండే పెద్దమనిషి. దుపట్టాలకు గోటా అనే మెరుపు జరీ అంచులు కుట్టేది. ఒక్కతే బిడ్డ, కిషన్‌బాగ్‌లో కాపురం చేసుకుంటోంది. అక్కా అని పిలిచేది మా నాయినమ్మను. మా నాయినమ్మ ఆమెను బీబీ అనేది. ఇద్దరికీ వయసులో రెండు మూడేళ్లు తేడా ఉంటుందేమో, ఎవరు పెద్ద అన్నది మాత్రం ఎప్పుడూ తేలలేదు.

మా నాయినమ్మ అవతలింటి నీళ్లు తాగేది కాదు. ఎందుకే అని అడిగితే "మనది గట్లనే" అనేది, అంతకు మించి ఆమెకూ తెలియదు. కానీ ఖాలా చేసే చాయ్ వాసన గోడ దాటి వస్తుంటే ముక్కు మూసుకుని కూర్చునే ఓపిక కూడా ఆమెకు లేదు. నేను పుట్టకముందే ఆ ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. నాయినమ్మ తన ఇత్తడి గ్లాసులో మా బర్రె పాలు, చక్కెర వేసి వేడిగా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడుతుంది. ఖాలా అవతల నుంచి చాయ్‌దాని ఎత్తి, కొమ్ము గ్లాసుకు తగలకుండా జానెడు పైనుంచి డికాషన్ పోస్తుంది. ఒక్క చుక్క బయట పడేది కాదు. పాలు మావి, డికాషన్ వాళ్లది. గిన్నె గిన్నెకు తగలదు కాబట్టి ఏ తప్పూ లేదని మా నాయినమ్మ లెక్క. ఆ లెక్క ఎవరు ఒప్పుకున్నారో నాకు తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

చాయ్ పోసుకున్నాక ఇద్దరూ గోడకు చెరో వైపు పీట వేసుకుని కూర్చునేవాళ్లు. మొహాలు కనబడవు, మాటలే. చింతకాయ తొక్కు బూజు పట్టిన సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి, మా బాపు బస్సు డిపోలో డ్యూటీ మారిన సంగతి. నేను మధ్యలో కిటికీ గట్టు మీద ఎక్కి కూర్చుని అటు కాలు ఇటు కాలు ఊపేదాన్ని. "ఈ పోరి కాలు ఒక్క తాన నిలవదు" అని నాయినమ్మ, "కోతి లెక్క ఉంది, పడితె పండ్లు ఊడుతయి" అని ఖాలా. నన్ను తిట్టడంలో ఇద్దరూ ఎప్పుడూ ఒక్కటే.

ఖాలా చాయ్‌దాని కడగడం నేను రోజూ చూసేదాన్ని. ఉడికిన ఆకు పారబోసి, వేడి నీళ్లు పోసి, అరచేత్తో మూసి గిరగిరా తిప్పి పారబోసేది. మూడుసార్లు, అంతే. సబ్బు లేదు, పీచు లేదు. తర్వాత కిటికీ గట్టు మీద బోర్లించేది. లోపలంతా నల్లగా, బెల్లం పాకం కాలి అంటుకున్నట్టు ఉండేది. పాపం ముసలిది, మూతి సన్నగా ఉంది, చెయ్యి పట్టదు, అందుకే తోమలేకపోతోంది అని నేను అనుకునేదాన్ని. ఎంత తెలివి చూడండి.

ఆషాఢం ముసురు పట్టి ఉన్న రోజుల్లో ఖాలా బిడ్డకు నొప్పులు వస్తున్నాయని కిషన్‌బాగ్ నుంచి కబురొచ్చింది. ఖాలా బురఖా వేసుకుంటూనే కిటికీలోంచి చాయ్‌దాని నా చేతికిచ్చింది.

"బేటీ, నాలుగు దినాలు నువ్వే చెయ్యి. మీ నాయినమ్మకు చాయ్ లేకపోతె తల పట్టుకుంటది. రెండు చెంచాల చాయ్‌పత్తి, మీద మసలే నీళ్లు, టోపీ కప్పి వంద లెక్కవెట్టు. అయినంక గరం నీళ్లతోని కడిగి గీడనే బోర్లియ్యి."

టోపీ అంటే పాత షేర్వానీ గుడ్డలో దూది కూరి కుట్టిన కవరు. తోమొద్దని ఆమె చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఆమెకు మాత్రం ఎందుకు తోస్తుంది?

మూడు రోజులు నేను వంద దాకా లెక్కపెట్టాను. యాభై దాటాక నాకు కుదురు ఉండేది కాదు, గబగబా చదివేసేదాన్ని. నాయినమ్మ ఏం అనకుండా తాగింది. నాలుగో రోజు బోనాల కోసం ఇంట్లో ఇత్తడి, రాగి అంతా దించారు. వాకిట్లో చింతపండు, బూడిద, ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టుకుని అమ్మ తోముతోంది. నాయినమ్మ మంచం మీద కూర్చుని చూపిస్తోంది, ఇక్కడ మరక, అక్కడ మరక అని. మా నాయినమ్మకు ఒక పట్టుదల ఉండేది. ఎవరింటి గిన్నె మన ఇంటికొచ్చినా, ఇచ్చినదాని కంటే తెల్లగా తోమి తిరిగివ్వాలె. కూర పంపిన గిన్నె అయినా సరే, దాన్లో మొహం కనబడే దాకా వదిలేది కాదు. తోమకుండా తిరిగిస్తే మన ఇంటి పరువు పోతుందనేది.

మాపటికి ఖాలా వచ్చేస్తుంది. చాయ్‌దాని నల్లగా ఉంది. నా చెయ్యి సన్నగా ఉంది.

ఎవరూ చూడకుండా దాన్ని వెనక గిన్నెలు కడిగే జాలాట్లోకి తీసుకుపోయాను. చింతపండు తొక్కు, బూడిద, పీచు. వేళ్లు లోపలికి పెట్టి రుద్దాను. మొదట ఏమీ రాలేదు, తర్వాత ఎర్రటి నీళ్లు వచ్చాయి, తర్వాత నల్లటి పెళుసులు ఊడి వచ్చాయి. కొమ్ములోకి చీపురు పుల్లకు గుడ్డ చుట్టి దూర్చాను. గంట సేపు ఒక్కచోట కూర్చున్నాను, నా జన్మలో అదే మొదటిసారి. చివరికి లోపల పాల తెలుపు వచ్చింది. మూతి లోపలి అంచున సన్నటి నీలం గీత ఒకటి బయటపడింది. ఆ గీత ఉందని ఖాలాకు కూడా తెలిసి ఉండదు, చూపిస్తే ఎంత సంబరపడుతుందో అనుకున్నాను. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

ఖాలా మాపటికి వచ్చింది. మనుమడు పుట్టాడట. కిటికీలోంచి ఖర్జూరాలు ఇచ్చింది, నేను చాయ్‌దాని ఇచ్చాను. ఆమె మూత తీసింది. లోపలికి చూసింది. నేను గట్టు మీద కాళ్లు ఊపుతూ ఆమె మొహమే చూస్తున్నాను. ఆ మొహంలో ఏమీ కదలలేదు. మూత పెట్టేసి లోపలికి పోయింది. కాసేపటికి చాయ్ చేసి తెచ్చింది, ఎప్పటిలాగే పైనుంచి పోసింది. నాయినమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఏంది బీబీ, బూడిద నీళ్ల లెక్క ఉంది?"

ఆమెకు నేను తోమిన సంగతి తెలియదు. నోటికొచ్చింది అనేసింది, రోజూ అనుకునే మాటల్లో మాటలాగా. అవతల చెక్క రెక్కలు రెండూ మూసుకున్నాయి. ఆ రెక్కలు పగటి పూట మూయడం నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు నాలుగైంది. నాయినమ్మ పాలు కాచుకుని గ్లాసు పట్టుకుని నిలబడింది. కిటికీ తెరుచుకోలేదు. పాలు మీగడ కట్టే దాకా నిలబడి, అవే తాగి వచ్చి పడుకుంది. "మనుమడు పుట్టిండు కద, గిప్పుడు మనమెందుకు యాదికొస్తం" అంది గోడ వైపు తిరిగి. ఆ మర్నాడు కూడా అంతే. మూడో రోజు పాలు కాచుకోలేదు.

అసలు సంగతి అమ్మ నల్లా దగ్గర విని వచ్చింది. ఖాలా ఆమెతో అన్నదట: "ఇరవై ఏండ్లు నా చేతి చాయ్ తాగింది అక్క. నా బర్తన్ మైల ఉన్నదని ఒక్క దినం చెప్పలే. చెప్తె నేనే మానేద్దును. గిట్ల తోమి పంపుడు ఎందుకు, మళ్ల బూడిద వాసనని నన్నే అనుడు ఎందుకు?"

అమ్మ తడుముకోకుండా "మేమెవ్వరం తోమలేదు" అని చెప్పి వచ్చింది. ఆమెకు తెలిసింది అదే. దాంతో ఖాలాకు మేము తోమడమే కాదు, అబద్ధం కూడా ఆడుతున్నామని ఖాయమైంది. అమ్మ ఇంట్లో ఈ మాట చెప్పగానే నాయినమ్మ లేచి కూర్చుంది. "నేనెందుకు తోముత? నన్ను దొంగను చేస్తుందా?" అని ఒకటే లొల్లి. నేను పుస్తకం వెనకాల మొహం పెట్టుకుని కూర్చున్నాను. పుస్తకం తలకిందులుగా ఉందేమో కూడా తెలియదు.

చెప్పి ఉంటే ఆ నిమిషంలో అయిపోయేది. చెప్పలేదు. నాయినమ్మ చేతి దెబ్బ అంటే భయం, అంతకంటే ఖాలా మొహం అంటే భయం. ఆ రోజుల్లో గల్లీ చివరి దాకా పరుగెత్తేదాన్ని, మళ్లీ వచ్చేదాన్ని. వెనక గల్లీకి పోయి ఖాలా వాకిలి ముందు నుంచి ఇటు నాలుగుసార్లు, అటు నాలుగుసార్లు నడిచేదాన్ని. ఒకసారి మా ఇంటి చాయ్‌పత్తి పొట్లం కట్టి, కిటికీ రెక్కల సందులోంచి అవతలికి తోశాను. కింద పడిన చప్పుడు వినబడింది. మర్నాడు పొద్దున ఆ పొట్లం విప్పకుండా మా గడప మీద పెట్టి ఉంది.

నాయినమ్మ చాయ్ లేక తలకు గుడ్డ కట్టుకుంది. బాపు మూలమీది హోటల్ నుంచి క్యాన్‌లో చాయ్ పట్టుకొచ్చాడు. ఒక గుక్క తాగి పక్కన పెట్టింది. "చాయ్ మంచిగనే ఉంది బిడ్డా, తాగబుద్ధి అయితలేదు" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు చూశాను. మా నాయినమ్మ ఏడవగా నేను చూడడం అదే మొదటిసారి, తాత పోయినప్పుడు నేను ఇంకా పుట్టలేదు.

బోనాల మర్నాడు చెప్పేశాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. బయట సన్నగా వాన పడుతోంది, రేకు కొట్టేవాళ్లకు సెలవు, ఎక్కడా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం పట్టలేక చెప్పాను.

"నేనే తోమిన."

నాయినమ్మ చెయ్యి లేచింది. నేను కళ్లు మూసుకుని మిగిలింది కూడా చెప్పేశాను. "నువ్వే అంటివి కద. ఎవరి గిన్నె అయినా తెల్లగ తోమి ఇయ్యాలె అని. నా చెయ్యి లోపటికి పట్టింది."

దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే ఆమె చెయ్యి ఒళ్లో ఉంది. "తొమ్మిది దినాలు కడుపుల ఎట్ల దాచుకుంటివే" అంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

గడియారం చూసింది. నాలుగు కావస్తోంది. లేచి కొంగు సర్దుకుని నా చెయ్యి పట్టుకుంది. కిటికీ దగ్గరికి పోలేదు. వాకిలి దాటి, వానలోనే గల్లీ చుట్టూ తిరిగి, వెనక గల్లీలో ఖాలా వాకిలి ముందు నిలబడింది. ఇరవై ఏళ్లలో ఆమె ఆ గడప దగ్గరికి రావడం అదే మొదలు. ఇల్లు ఏదో నేనే చూపించాల్సి వచ్చింది.

ఖాలా తలుపు తీసి చూసి, పక్కకు జరిగింది. నాయినమ్మ లోపలికి పోయి చాప మీద కూర్చుంది. నన్ను ముందుకు తోసింది. నేను చెప్పాను, సగం వెక్కిళ్లు, సగం మాటలు. ఖాలా విని నా రెండు చేతులూ పట్టుకుని వేళ్లు చూసింది. "గింతంత చెయ్యి లోపటికి పొయ్యింది" అంది. పొయ్యి మీద నీళ్లు పెట్టింది. వంద దాకా నాతోనే లెక్కపెట్టించింది, ఒక్కటి కూడా తప్పించనివ్వలేదు.

చాయ్‌దాని పట్టుకొచ్చి నాయినమ్మ ముందు నిలబడింది. ఎత్తి పోయడానికి చెయ్యి లేచి ఆగిపోయింది.

"అక్కా, నీ గిలాస?"

నాయినమ్మ తన రెండు ఖాళీ చేతుల వైపు చూసుకుంది. ఆ గ్లాసు లేకుండా ఆమె పెళ్లిళ్లకు కూడా పోయేది కాదు.

"మర్చిపోయిన బీబీ" అంది. "పాలు గూడ తేలే. నీ కప్పులనే పొయ్యి, అన్నీ నీవే పొయ్యి."

ఖాలా గూట్లోంచి బంగారు అంచు కప్పు తీసి, తన కొంగుతో తుడిచి, తన పాలు పోసి, తన చక్కెర వేసి, చాయ్‌దాని కొమ్ము కప్పుకు ఆనించి పోసింది. నాయినమ్మ తాగింది. ఇంకా బూడిద వాసన వస్తూనే ఉందని నాకు తెలుసు, నేనూ తాగాను.

"మంచిగుంది" అంది నాయినమ్మ.

"ఝూట్ మాట్లాడకు అక్కా" అంది ఖాలా. ఇద్దరూ నవ్వారు, నవ్వుతూనే ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ నవ్వు చూస్తే నా తొమ్మిది రోజుల బరువు దిగిపోయింది.

ఆ తర్వాత నాకు శిక్ష వేశారు, ఏళ్లుగా పట్టిన ఆ నలుపే చాయ్‌కు రుచి అట. రోజూ బడి నుంచి రాగానే చిక్కటి డికాషన్ కాచి చాయ్‌దానిలో నింపి, మర్నాటి దాకా ఉంచి పారబోయాలి. దసరా నాటికి లోపల లేత గోధుమ రంగు వచ్చింది. చలికాలం పోయేసరికి వాసన కుదిరింది. నీలం గీత మళ్లీ కనబడకుండా పోయింది. నాయినమ్మ మళ్లీ కిటికీకి మారింది గానీ, ఇత్తడి గ్లాసు మాత్రం అటక ఎక్కింది. బంగారు అంచు కప్పు కిటికీ గట్టు మీదనే ఉండేది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ముందు నాయినమ్మ పోయింది. తర్వాత ఆ ఇల్లు అమ్ముడుపోయి, ఖాలా కిషన్‌బాగ్‌కు బిడ్డ దగ్గరికి పోతూ చాయ్‌దాని నాకు ఇచ్చింది. "నువ్వు చేసిన రంగు, నువ్వే ఉంచుకో" అంది. ఇప్పుడు ఆ జాగాలో నాలుగంతస్తుల బట్టల దుకాణం ఉంది. మొన్నొకసారి ఆటోలో అటు పోతూ మా గోడ ఎక్కడ ఉండేదో వెతికాను, ఎస్కలేటర్ ఉన్నచోట అనుకుంటాను.

ఇదంతా కోడలికి ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. నాయినమ్మ చేసినట్టే చేద్దామనుకున్నాను. నీళ్లు కాచాను, చాయ్‌పత్తి వేశాను, వంద లెక్కపెట్టాను, ఈసారి కూడా డెబ్భై దగ్గర కాళ్లు కొట్టుకున్నాయి. ట్రేలో చాయ్‌దాని, పాలు పెట్టుకుని తలుపు తోశాను. ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పక్కన ఆమె ఆఫీసు మగ్గు ఉంది, వచ్చిన రోజు నుంచి ఆమె దాంట్లోనే తాగుతుంది, దాన్ని విడిగా తనే కడుక్కుని విడిగానే పెట్టుకుంటుంది. ఎందుకు విడిగా పెట్టుకుంటుందో పది రోజుల్లో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

"నా గిలాస మర్చిపోయిన బిడ్డా" అన్నాను. "నీ మగ్గులనే ఇద్దరం తాగుదం."

ఆమె ట్రే వైపు చూసింది. "గ్లాసు ట్రేలోనే ఉంది కదా అత్తమ్మా" అంది.

ఉంది. నా స్టీలు గ్లాసు, చాయ్‌దాని పక్కనే. అలవాటుగా నా చెయ్యే పెట్టేసింది. మా నాయినమ్మకు ఉన్న ఉపాయం నాకు రాలేదు. కాళ్లే కాదు, చేతులు కూడా నా మాట వినవు.

గ్లాసు తీసి కింద పెట్టాను. ఆమె పక్కన కూర్చున్నాను. మా నాయినమ్మ ఖాలాతో చివరిదాకా అనకుండా పోయిన మాట నేను అన్నాను.

"తప్పయింది బిడ్డా. పొద్దున గుంజుకున్నది తప్పే. ఆనాడు మా ఆడబిడ్డ ఇంట్ల కాగితం గ్లాసు చూసి ఊకున్నది ఇంకా పెద్ద తప్పు."

ఆ పిల్ల చాలాసేపు బయటికే చూసింది. నేను కదలకుండా కూర్చున్నాను. తర్వాత తన మగ్గు జరిపి నా ముందు పెట్టింది.

"పొయ్యండి" అంది. "దీన్ని ఎందుకు తోమొద్దో కూడా చెప్పండి."